గట్టు మీద నుంచే అందే గాలం

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రోజూ పడుకునే ముందు ఏదో ఒకటి రాసుకునే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కానీ, అక్కడ కూడా ఈ మాట రాయలేదు. ఆ గాలపు కర్ర, దాని రీలు నేను కొన్నది చేపల కోసం కాదు. మా నాయన చెరువు నీళ్లలోకి దిగకుండా ఉండాలని కొన్నాను.

ఇంట్లో వేరేగా అనుకున్నారు. నాకు చేపల పులుసు మీద మనసు పోయిందని అమ్మ అనుకుంది. కూతురు తన మీద ముచ్చటపడి తెచ్చిందని నాయన అనుకున్నాడు. దాన్ని అమ్మిన అంగడాయన అనుకున్నది ఇంకొకటి. దానికి కారణం నేను చెప్పిన అబద్ధమే కాబట్టి ఆ సంగతి తర్వాత చెబుతాను.

మాది పావగడ తాలూకాలో, వల్లూరు దిక్కున ఒక ఊరు. చిన్నప్పుడు మా చెరువులో నీళ్లు చూసిన గుర్తు నాకు లేదు. చెరువంటే తుమ్మచెట్లు, పగిలిన నేల, బడికి అడ్డదారి. బోర్లు ఎండిపోయి, చెనిక్కాయకు, అదే వేరుశనగకు, పెట్టిన పెట్టుబడి కూడా చేతికి రాక, ఊళ్లో చాలామంది లాగే నాయన కూడా మా చేనును సోలారు వాళ్లకు గుత్తకిచ్చాడు. చేను అమ్మలేదు. ఏటా గుత్త వస్తుంది. అయినా కంచె బయట నిలబడి చూస్తే సోలారు ప్లేట్ల వరసలు తప్ప మా చెనిక్కాయ సాళ్లు ఎక్కడ మొదలయ్యేవో, గట్టు మీది వేపచెట్టు ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకదు. అమ్మ ఆ ప్లేట్లు కడిగే కూలికి పోతుంది. నాయనను కావలి పనికి రమ్మన్నారు. ఆయన పోలేదు. "నా చేనికి నేనే కావలి కాసేదా? ఎవరొస్తారని?" అన్నాడు.

ప్లేట్లు వచ్చిన కొన్నేళ్లకు వాన వచ్చింది. రోజుల తరబడి కురిసింది. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా పొర్లి పారాయి. ఊరంతా చెరువుగట్టు ఎక్కింది. ఆడవాళ్లు నీళ్లలో పసుపు కుంకుమ వేసి మొక్కారు. అందరూ ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటుంటే, నాయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పక్కన నేనున్నానన్న ధ్యాస లేకుండా, నీళ్లతోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఇప్పుడా వచ్చేది?"

అంతే. ఆ తర్వాత ఆ మాట ఆయన మళ్లీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి సాయంత్రమయితే చెరువు దగ్గరికి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరితోనూ మాట్లాడడు. బీడీ వెలిగించి, దాన్ని తాగడం కూడా మరిచిపోయి నీళ్లను చూస్తాడు. ఏదో ఒక వంకతో నేను అటు పోయి, దూరం నుంచి ఆయన వీపు చూసి, ఉన్నాడు అనుకుని వెనక్కి వచ్చేదాన్ని. 

కొన్నాళ్లకు ఒక వెదురు కట్టె కొస్సకు నైలాన్ నరం కట్టి, నీళ్ల మీద తేలే బెండు తగిలించి, గాలం వేయడం మొదలుపెట్టాడు. అమ్మ సంతోషపడింది. "మీ నాయనకు ఏదో ఒక యావ దొరికిందిలే. పోనీ," అంది. మొదట్లో నేనూ సంతోషపడ్డాను. తర్వాత ఆయన పంచె చూశాను.

వెదురు కట్టెకు కట్టిన నరం కట్టె పొడవే ఉంటుంది. గట్టు పక్కన చేపలు చిన్నవి. పెద్దవి లోపల ఉంటాయి. కాబట్టి మనిషి లోపలికి పోవాలి. మొదట చీలమండల దాకా పోయాడు. తర్వాత మోకాళ్ల దాకా. సాయంత్రం ఆయన పంచె విప్పి తీగ మీద ఆరేస్తే, నీళ్లు ఎంత దాకా వచ్చాయో బురద ఒక గీత గీసి ఉండేది. నేను బట్టలు తీసే నెపంతో ఆ గీత చూసేదాన్ని. అది పైకి పోతూ ఉంది. మోకాలు దాటింది. తొడ సగానికి వచ్చింది. ఒకరోజు పంచె మొత్తం తడిసి, గీతే లేదు.

మా ఊళ్లో ఈత వచ్చినవాళ్లు తక్కువ. తాతల కాలంలో బావుల్లో దూకి ఈత కొట్టేవాళ్లట. ఆ బావులు నాయన పిల్లాడిగా ఉన్నప్పుడే ఎండిపోయాయి. దానికి తోడు, చెరువు ఎండి ఉన్న ఏళ్లలో అందరూ యంత్రాలు పెట్టి మట్టి తోలుకున్నారు. ఆ గుంతలన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. పైనుంచి చూస్తే చెరువంతా ఒకే తీరుగా, చదునుగా ఉంటుంది. ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగు మనిషి లోతు.

నాకు రెండు భయాలుండేవి. ఒకటి ఆ గుంతల గురించి. దాన్ని పైకి చెప్పొచ్చు. రెండోది "ఇప్పుడా వచ్చేది?" అన్న మాట గురించి. దాన్ని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నీళ్లలోకి దిగొద్దు నాయనా" అంటే, "ఎందుకు?" అంటాడు. గుంతలని చెబితే నవ్వుతాడు. నా మొహం చూసి రెండోది కూడా కనిపెడితే? కనిపెట్టి, అప్పటిదాకా ఆయనకు రాని ఆలోచన నేనే అందించినట్టయితే? అందుకే ఏమీ అనలేదు. బదులుగా రాత్రి ఫోనులో, అమ్మ వినకుండా శబ్దం తీసేసి, గాలం గురించి చూడటం మొదలుపెట్టాను.

నాకు అర్థమయింది ఒకటే. గాలం దూరంగా పడితే మనిషి దగ్గరగా ఉండొచ్చు. అలా పడేదాన్ని స్పిన్నింగ్ రీలు అంటారు. నరమంతా ఒక చిన్న చక్రానికి చుట్టి ఉంటుంది. దాని పైన ఒక తీగ కడియం. కడియం ఎత్తి, కర్ర విసిరితే బరువు నరాన్ని లాక్కుని పోతుంది. పిడి తిప్పితే కడియం పడి నరం మళ్లీ చుట్టుకుంటుంది. గట్టు మీద కూర్చుని చెరువు నడిమికి వేయొచ్చు.

పావగడ బజారులో తాళ్లు, బకెట్లు, మోటారు వాషర్లు, ఎలుక బోన్లు అమ్మే అంగడి ఒకటుంది. చెరువులు నిండిన తర్వాత దాని ముందర గాలపు కర్రలు కూడా వేలాడదీశారు. లోపలికి పోకుండా ఆ వీధిలో అటు ఇటు నడిచాను. మగవాళ్లు లేని సమయం చూసి మెట్టెక్కాను.

"ఏం కావాలమ్మా?" అన్నాడు అంగడాయన. గల్లా వెనక పెద్ద పొట్ట, నుదుట బొట్టు.

వేలు చూపించాను.

"బకెట్టా?"

తల అడ్డంగా ఊపాను.

"బోనా? ఎలుకలు పడినాయా ఇంట్లో?"

"కాదు... గాలం," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"గాలమా!" ఆయన గొంతు మాత్రం వీధంతా వినబడింది. "ఎవరికమ్మా?"

"మా తమ్ముడికి."

నాకు తమ్ముడు లేడు. అన్నా లేడు. ఇంటికి నేనొక్కదాన్నే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కానీ, వచ్చాక దాని వెనక ధైర్యం కూడా కొంచెం వచ్చింది.

"వాడికి ఈత రాదు. మాట వినకుండా నీళ్లలోకి దిగుతాడు. గట్టు మీద నుంచే దూరం పడేది కావాల."

అంగడాయన కర్రల వైపు చూసి, నా వైపు చూసి నవ్వాడు. "తల్లీ, మేము గుడ్డు కూడా ముట్టం. చేప మొగం ఎట్లుంటాదో సరిగ్గా చూసినోణ్ణి కాదు. యాది దూరం పడుతుందో నన్నడిగితే ఎట్ల? ఇది మడిచేది. అది మడవనిది. ఎర్రది బాగా అమ్ముడు పోతాండాది."

ఎర్రది తీసుకున్నాను. అంతకంటే ఎక్కువసేపు అక్కడ నిలబడే శక్తి లేకపోయింది.

మొదటిసారి కొనే వాళ్లందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. రంగు చూసి, మడిస్తే సంచిలో పడుతుందని చూసి కొన్నాను. ఇంటికి తెచ్చి ఒకదాంట్లో నుంచి ఒకటి గొట్టాలు లాగుతుంటే నాయన వింతగా చూశాడు.

"ఏందిది పాపా, రేడియో ఏరియలా?"

"గాలం నాయనా. గట్టు మీద కూర్చొనే వేయొచ్చు."

"కూర్చొని వేసేదానికి నేనేమన్నా ముసిలోణ్ణా?" అన్నాడు. అయినా పిడి తిప్పి చూశాడు. కడియం టక్కుమని పడితే చిన్నపిల్లాడిలా మళ్లీ ఎత్తి, మళ్లీ పడేశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో ఏదో కదిలింది. నేను గదిలోకి పోయి తలుపు వెనక నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నాను.

కానీ పంచె మీది గీత దిగలేదు. ఎర్ర కర్రతో వేసినా గాలం కొంత దూరం పోయి గాలిలోనే వెనక్కి లాగినట్టు పడిపోయేది. "దీనికంటే నా వెదురే మేలు," అంటూ నాయన మళ్లీ నీళ్లలోకి దిగేవాడు. ఇంతా చేసి నేను ఆయన చేతికి ఇంకొక సాకు ఇచ్చానేమో అనిపించింది.

ఎందుకు పోవడం లేదో తెలుసుకోవాలి. పగలు ఇద్దరూ ఇంట్లో లేనప్పుడు మిద్దె మీదికి పోయి, గాలం తీసేసి దాని చోట ఒక పాత నట్టు కట్టి విసిరి చూశాను. మొదటిది పక్కింటి బర్రె పక్కన పడింది. బర్రె నన్నొకసారి చూసి మళ్లీ నెమరు వేసుకుంది. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకుని మళ్లీ విసిరాను. అప్పుడు కనిపెట్టాను. దాంతో పాటు వచ్చిన నరం లావుది, మొండిది, చక్రానికి చుట్టిన ఆకారం వదలకుండా స్ప్రింగులా లేచేది. పైగా చక్రం సగమే నిండి ఉంది. నరం బయటికి పోయేటప్పుడు ప్రతి చుట్టూ చక్రం అంచుకు రాచుకుని పోతోంది. అందుకే దూరం పోవడం లేదు.

కర్ర మార్చక్కర్లేదు, రీలు మార్చక్కర్లేదు, ముందు నరం మార్చాలి. అన్నిటికంటే చవకైనది అదే. సన్నటి నరం తెచ్చాను. కింద పాత నరం కొంత ఉంచి, దాని మీద కొత్తది అంచుకు కొద్దిగా కిందుగా వచ్చేదాకా చుట్టాలి. నాయన నరం చుట్టి ఉన్న కండెను పెన్సిలుకు గుచ్చి పట్టుకున్నాడు, నేను పిడి తిప్పాను. మరుసటి రోజు నరమంతా మెలికలు పడి, విప్పలేని జడ అయింది. మళ్లీ చుట్టాం. ఈసారి కండెను నేల మీద పడుకోబెట్టి, నరం పైకి లేచి వచ్చేలా, వేళ్లతో కొంచెం బిగించి పట్టుకుని. మెలిక పడలేదు. చివరన కొంచెం బరువైన సీసం గుండు కట్టాను.

ఆ సాయంత్రం నేను కూడా చెరువు దగ్గరికి పోయాను. నాయన కడియం ఎత్తి విసిరాడు. నరం చప్పుడు లేకుండా పోతూనే ఉంది, పోతూనే ఉంది. చాలా దూరాన బుళుక్కుమంది. నాయన నా వైపు తిరిగాడు.

"చూసినావా? ఆడ! ఆ తుమ్మమోడు అవతల!"

ఆ రోజు ఒక జిలేబి చేప పడింది. అరచేయంత. అమ్మ దాన్ని చూసి, "దీనికి మసాలా నూరేదా? మసాలాకే సిగ్గయితాది," అంది. నాకు ఆ చేప సంగతి పట్టలేదు. తీగ మీద పంచె చూసుకున్నాను. గీత చీలమండల దగ్గరుంది.

తర్వాత కొన్ని వారాలు బాగా జరిగాయి. నేను పుస్తకం తీసుకుని గట్టు మీద ఆయనకు కొంచెం ఎడంగా కూర్చునేదాన్ని. ఆయన చెనిక్కాయ చెక్క నానబెట్టి, ముద్ద చేసి ఎర పెట్టేవాడు. "చేప కూడా మన ఊరిదే కదా, చెనిక్కాయ వాసనకు రాకుండా యాడికి పోతాది?" అనేవాడు. నేను పేజీ తిప్పేదాన్నే కానీ ఏం చదివానో గుర్తుండేది కాదు. ప్రతి పేజీ చివర తలెత్తి ఆయన పాదాలు చూసేదాన్ని.

అప్పుడే నాకు తుమకూరులో బి.ఇడి. సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. అందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను. అమ్మ పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. సాయంత్రం చెరువు దగ్గర ఎవరు చూస్తారు? పంచె మీది గీత ఎవరు చూస్తారు?

పోవడానికి ఇంకా కొన్ని రోజులుండగా ఆ సాయంత్రం వచ్చింది. హాస్టలుకు కావలసిన సామాన్లు సర్దుతూ ఆలస్యం చేశాను. గట్టెక్కి చూస్తే ఆయన కూర్చునే చోట ఆయన లేడు. చెప్పులున్నాయి. చెప్పుల మీద తుండుగుడ్డ. దాన్ని విప్పి చూడనక్కర్లేదు, బీడీ కట్ట, ఫోను అందులో చుట్టి ఉన్నాయి. నాయన ఎప్పుడూ వస్తువులు అలా జాగ్రత్తగా సర్ది పెట్టే మనిషి కాదు.

తల ఎత్తడానికి భయమేసింది. ఎత్తాను. చాలా లోపల, నీళ్ల మీద, ఆయన తల, భుజాలు. అటు తిరిగి ఉన్నాడు. మెల్లగా ముందుకు పోతున్నాడు.

నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో పేరు పిలిస్తే పలికినా వినబడదని టీచర్లు ఆబ్సెంటు వేసేవాళ్లు. ఆ రోజు "నాయనా!" అని అరిచాను. ఆ అరుపు అవతలి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. తుమ్మమోడు మీది కొంగలు లేచిపోయాయి.

ఆయన తిరిగి చూశాడు. నీళ్లలో నుంచి ఎర్ర కర్ర పైకెత్తాడు.

"ఏందే అట్లా అరస్తావు! చేప తెంపుకొని పోతాది!"

"బయటికి రా!"

"రీలు తిరగడం లే పాపా. బిగుసుకొని పోయింది. పెద్దది పడింది, అది లాగతాండాది. నరం వదిలితే కదా! అది పోతాంటే నేను దాని ఎంబడి పోతాండా."

"గుంత ఉండాది నాయనా! రా!"

అప్పటికి నేను కూడా మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి ఉన్నాను. అది చూసినట్టున్నాడు, ఆగాడు. అంతలో నరం తెగింది. కర్ర ఒక్కసారి నిటారుగా లేచింది. ఆయన ఒక నిమిషం నీళ్ల వంక చూసి, వెనక్కి నడిచి వచ్చాడు. గట్టు మీద కూర్చుని పంచె పిండుకున్నాడు. నేను ఆయనకూ నీళ్లకూ మధ్య నిలబడ్డాను.

"గుంత యాడుందో నాకు తెల్దా?" అన్నాడు. "అది తవ్వించింది నేనే కదా."

నాకు తెలియదు. ఆయన చెప్పాడు. చేను గుత్తకిచ్చే ముందటి ఏడు, ఈసారన్నా పంట పండాలని, యంత్రం పెట్టించి చెరువు మట్టి తవ్వించి ట్రాక్టర్లతో మా చేనికి తోలాడట. చేనంతా నల్లగా పరిచాడట. ఆ ఏడు కూడా వాన రాలేదు.

"ఆ మన్నంతా ఇప్పుడు ప్లేట్ల కింద ఉండాది. గుంతేమో నీళ్ల కింద ఉండాది," అని నవ్వాడు. "రెండూ కనబడవు, అంతే."

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంటి దాకా ఆయన వెనకే, ఆయన అడుగులు చూస్తూ నడిచాను.

రీలు ఎందుకు బిగుసుకుందో ఇంటికి వచ్చాక తెలిసింది. పిడి దగ్గర జిగటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వంటింటి వాసన.

"దీనికేమన్నా పోసినావా నాయనా?"

"కిర్రుమంటాంటే రోంత నూనె పోసినా."

"ఏం నూనె?"

"ఏం నూనేంది? చెనిక్కాయ నూనె."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "తాలింపుకు లేదని నేను గిన్నె వంచుకుంటాంటే, నువ్వు దానికి తాగిస్తాండావా?"

"ఎద్దులబండి ఇరుసుకు పోసినాం, బావి గిలకకు పోసినాం, తలుపు బందులకు పోసినాం. యాడా బిగుసుకోలే," అన్నాడు నాయన, నిజంగానే అర్థంకాక.

చెనిక్కాయ పండే ఊళ్లో పుట్టినవాళ్లకు కిర్రుమనే ప్రతిదానికీ ఆ నూనే మందు. ఇరుసు పెద్దది, అది రోజూ కొత్త నూనె తాగుతూ తిరుగుతుంది. కానీ ఈ చిన్న పళ్ల చక్రాలకు పోసిన నూనె ఎండకు, గట్టు మీది దుమ్ముకు బంకలా మారి అతుక్కుపోయింది. నేను మరలు విప్పి, ఒక కంచంలో విప్పిన వరసలోనే పెట్టుకుని, కిరసనాయిలులో పాత బ్రష్షుతో కడిగాను. కుట్టుమిషను నూనె చుక్క చుక్క వేశాను. తిరిగింది కానీ మునుపటిలా లేదు. బిగుసుకున్నప్పుడు బలవంతంగా తిప్పడం వల్ల లోపలి ప్లాస్టిక్ పళ్లు కొన్ని అరిగిపోయాయి. మళ్లీ ఎప్పుడో, నేను లేనప్పుడు, అది ఆగిపోతుంది. ఆగిపోతే ఆయన దాని వెంట పోతాడు.

మరుసటి రోజు పొద్దున్నే పావగడ పోయాను. ఈసారి వీధిలో అటు ఇటు తిరగలేదు. రీలు గల్లా మీద పెట్టాను.

"ఏం చేసినాడమ్మా మీ తమ్ముడు దీన్ని?"

"చెనిక్కాయ నూనె పోసినాడు."

అంగడాయన పొట్ట ఊగేలా నవ్వాడు. "ఇంకా నయం, బాణలిలో వేసి వేయించలే." తర్వాత నవ్వు ఆపి, "నీళ్లలోకి దిగినాడా ఏంది?" అన్నాడు.

"దిగినాడు," అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూశాడు.

"అక్కవు కదా, నాలుగు తగిలియ్యి. పిల్లలకు భయం లేకపోతే ఎట్ల?" అని, అడగకుండానే ఉన్న రీళ్లన్నీ తీసి ముందర పరిచాడు.

ఒక్కోటి చేతిలోకి తీసుకుని చూశాను. కడియం ఎత్తి వదిలాను, పూర్తిగా పడుతుందా లేదా అని. పిడి పట్టుకుని అటు ఇటు ఊపాను, ఎంత వదులుగా ఉందో అని. నరం ఒరుసుకునే చోట చిన్న చక్రం తిరుగుతుందా అని గోటితో తిప్పి చూశాను. చివరన అన్నిటికంటే ముఖ్యమైనది చూశాను. ముందరుండే బిరడా. దాన్ని వదులు చేస్తే చేప లాగినప్పుడు నరం దానంతట అదే కొంచెం కొంచెం వదలాలి. ఎర్రదాంట్లో అది పేరుకే ఉండేది. అంగడాయన చేతికి నరం కొస ఇచ్చి లాగమన్నాను.

"నేనా చేప?" అన్నాడు. అయినా లాగాడు.

ఒకటి నరాన్ని ఆగి ఆగి, కుదుపులతో వదిలింది. ఇంకొకటి అసలు వదల్లేదు. మూడోది, నల్లది, లోహపు చక్రం ఉన్నది, చిన్న చప్పుడుతో ఒకే తీరుగా వదిలింది. అదే కావాలి. చేప లాగితే దాని వెంట నరమే పోవాలి, మనిషి పోకూడదు. దానికి సరిపడే కర్ర కూడా తీసుకున్నాను. మడిచేది కాదు, రెండు ముక్కలుగా వచ్చేది, ఎర్రదానికంటే పొడవైనది. ట్యూషను చెప్పి దాచుకున్న డబ్బు దానికి సరిపోయింది.

నాయనకు బిరడా ఎలా తిప్పాలో చూపించాను. "పెద్దది పడితే దీన్ని రోంత వదులు చెయ్యి. అది పోతాంటే పోనీ. నువ్వు కూర్చొనే ఉండు. అలిసిపోయినంక అదే వస్తాది."

"అదే వస్తాదా?"

"వస్తాది నాయనా."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకుని కుట్టుమిషను నూనె సీసా ఆయన చేతిలో పెట్టాను.

తుమకూరు పోయే రోజు నాయన నన్ను బండి మీద పావగడ బస్టాండుకు తెచ్చాడు. బస్సుకు ఇంకా సమయముంది. "గాలాలు రెండు తీసుకుందాం పా, నువ్వు తీసుకుండే అంగడి యాడ?" అన్నాడు. దారి చూపిస్తూ నేను ముందు నడిచాను. అంగడి మెట్లెక్కాం.

అంగడాయన నన్ను చూడగానే గట్టిగా పలకరించాడు. "ఏమ్మా, తమ్ముడికి నాలుగు తగిలించినావా? మళ్లా నీళ్లలోకి దిగలేదు కదా?"

నాయన నా వైపు చూశాడు.

అంగడాయన ఆయనతో అన్నాడు, "మీ పాపేనా? బంగారట్లాంటి పాపప్పా. ఆ తమ్ముడు ఎట్లాంటోడో గానీ, ఈత రాదంట, గాలం పట్టుకొని నీళ్లలోకి పోతాడంట. ఈ పిల్ల భయంతో సగమైపోయింది. ఆ పొద్దు ఈడ నిలబడి ఏడ్చింది కూడా. మీరన్నా చెప్పండప్పా వానికి."

నేను గల్లా మీద కొయ్య గీతలు చూస్తున్నాను. ఒకదాని తర్వాత ఒకటి. నాయన తల ఎత్తాడు. పైన వేలాడే ఎర్ర కర్రల వైపు చూశాడు. గాలాల పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. 

"అవునప్పా," అన్నాడు చివరికి. "మొండోడు. చెప్తా."

బస్టాండుకు నడిచాం. నా పెట్టె ఆయనే మోశాడు. ఆయనకు ఏది అర్థమయిందో, నా రెండు భయాల్లో ఎన్ని తెలిశాయో ఆయన నడకను బట్టి చెప్పలేకపోయాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కింద నిలబడి టైర్లు చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. అంతలో బస్సు కదిలింది. నాయన దానితో పాటు రెండడుగులు నడిచి, కిటికీ ఊచ పట్టుకుని, తల పైకెత్తి అన్నాడు.

"మీ తమ్ముడు గట్టు మీదనే ఉంటాడు. పోయిరా పాపా."